బియ్యం నిండుకున్నాయి: పాత మాటల్ని మళ్ళీ నోటికి అలవాటు చేసుకునే పద్ధతి

పెళ్ళైన కొత్తలో ఒక శనివారం మా ఆయనకి వాట్సాప్‌లో "బియ్యం నిండుకున్నాయి" అని పెట్టాను. బొటనవేలు బొమ్మ ఒకటి తిరిగొచ్చింది. సాయంత్రం ఉత్త చేతులతో ఇంటికొచ్చాడు. బియ్యమేవీ అంటే, "నిండుగ ఉన్నయన్నవ్ గద, మళ్ళెందుకు" అన్నాడు. ఆయనది కరీంనగర్ వైపు, వాళ్ళింట్లో బియ్యం ఒడుస్తాయి, అంటే అయిపోతాయి. మాది గోదావరి పక్క ఊరు. మా అమ్మమ్మ ఇంట్లో బియ్యం, పసుపు, ఉప్పు ఏవీ "అయిపోవు", లేదు అన్న మాట వంటింట్లో వినపడకూడదని "నిండుకున్నాయి" అంటారు. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. ఆ రాత్రి ఇద్దరం ఉప్మా తిన్నాం.

ఆ ఉప్మా పుణ్యాన నాకీ పిచ్చి పట్టుకుంది. అప్పట్నుంచీ పాత మాటల్ని ఏరి, రోజువారీ మాటల్లోకి తెచ్చుకుంటున్నాను. కొన్ని నిలబడ్డాయి, చాలా వాటికి నవ్వులపాలయ్యాను, ఒకదానికి ఆఫీసులో చీవాట్లూ తిన్నాను. మీకూ సరదా ఉంటే ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో వరసగా చెప్తాను.

మొదట: పాత మాటంటే గ్రాంథికం కాదు

"నేను పోవుచున్నాను, నీవు భుజించితివా" అని మాట్లాడమని కాదు. ఆ గొడవ గిడుగు రామమూర్తి పంతులుగారి కాలంలోనే తేలిపోయింది. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం కదా, ఆ రోజే కొందరు మైకు ముందు నిలబడి ఎవరికీ అర్థంకాని తెలుగులో దంచుతుంటారు, అదొక చోద్యం. ధూమశకటం లాంటివి కూడా పాత మాటలు కావు. ఎవరి అమ్మమ్మా "ధూమశకటం ఎక్కి రాజమండ్రి వెళ్ళొచ్చా" అనలేదు, రైలనే అంది. నా లెక్కలో పాత మాటంటే ఎవరో ఒకరు కూర తరుగుతూనో, నాట్లేస్తూనో, పిల్లాడి మీద అరుస్తూనో నిజంగా వాడిన మాట. ముందు ఈ తేడా పట్టుకోండి, సగం పని అయినట్టే.

రెండోది: పని చేసే మాటనే ఎంచుకోండి

కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు చేసే తప్పు ఇక్కడే. కిటికీ ఉండగా గవాక్షం అంటారు. దాని వల్ల ఏం ఒరిగింది? అదే కిటికీ, అదే గాలి. ఇప్పుడు మన నోట్లో ఉన్న మాట చెయ్యలేని పని పాత మాట చేస్తోందా అని చూడండి. చేస్తుంటే తెచ్చుకోండి, లేకపోతే దాని మానాన దాన్ని వదిలెయ్యండి.

నొప్పి సంగతే తీసుకోండి. "పెయిన్" అనే ఒక్క మాటతో ఒళ్ళంతా నెట్టుకొస్తున్నాం, తల పెయిన్, కాలు పెయిన్, పన్ను పెయిన్ అని. మా అమ్మకి అలా కాదు. పన్నయితే పోటు, లోపల్నుంచి పొడిచినట్టు. పుండైతే సలుపుతుంది, నాడి కొట్టుకున్నట్టు ఆగి ఆగి. రోజంతా నిలబడితే కాళ్ళు పీకుతాయి. జ్వరం రాబోయే ముందు ఒళ్ళు తీపులు. బిందె ఎత్తబోతే నడుం కలుక్కుమంటుంది, ఆ మర్నాటికి పట్టేస్తుంది. నిరుడు ఆవిడ వేలికి గోరుచుట్టు లేస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. కుర్ర డాక్టరు, మంచివాడే, "ఎలాంటి పెయిన్ అమ్మా, కంటిన్యూగా ఉంటుందా, వచ్చి పోతుందా" అని అడిగాడు. ఆవిడ నా వంక చూసింది. "సలుపా అమ్మా, మంటా?" అన్నాను. "సలుపే, మాపటేళ నుంచి మరీను, చెయ్యి కిందకి వేలాడేస్తే ప్రాణం పోతోంది" అంది. ఆయన తలూపి రాసుకున్నాడు. ఒక్క మాటలో ఎప్పుడు, ఎలా, ఎంత అన్నీ వచ్చేశాయి.

మీరూ ఓ వారం పాటు "పెయిన్" అని నోటిదాకా వచ్చినప్పుడల్లా ఆగి చూడండి, అది పోటా, సలుపా, పీకుడా, మంటా, తిమ్మిరా అని. వాన కూడా ఇలాంటిదే. తుంపర, జల్లు, జడివాన, కుండపోత, ఇవన్నీ ఒకటి కాదు. ముసురు పట్టిందంటే మూడు రోజులైనా వదలకుండా సన్నగా కురిసేది, బట్టలు ఆరనిది, బజ్జీలు వేయించమనేది. దాన్ని "కంటిన్యూస్ రెయిన్" అంటే ఆ బజ్జీలు ఎక్కడ్నుంచి వస్తాయి?

మూడోది: కాలంతో మొదలుపెట్టండి, అది తేలిక

అలవాటు చేసుకోవడానికి అన్నిటికన్నా సులువైనవి కాలం చెప్పే మాటలు, ఎందుకంటే రోజుకి పదిసార్లు అవసరం వస్తాయి. ఎల్లుండి, అటెల్లుండి, మొన్న, అటుమొన్న. లాస్ట్ ఇయర్ అనే చోట నిరుడు, దాని ముందరిదైతే ముందటేడు. "డే ఆఫ్టర్ టుమారో" అని నోరు నొప్పెట్టుకునే బదులు ఎల్లుండి అంటే ఎంత హాయి. మొదటి నెల వీటితో సరిపెట్టుకోండి, ఎవరూ నవ్వరు, మీరేదో ప్రయత్నం చేస్తున్నారని కూడా ఎవరికీ తెలీదు.

తర్వాత పొద్దు మాటలు. పొద్దుగూకింది, మునిమాపు, తెల్లవారుజాము. మా అత్తమ్మ అంబటాళ్ల అంటుంది, అంబలి తాగే వేళ, తొమ్మిదీ పదీ మధ్య. ఆదివారం పది దాకా ముసుగుతన్ని పడుకున్నవాణ్ణి లేపడానికి "బారెడు పొద్దెక్కింది, లే" అనడంలో ఉన్న దెబ్బ "టెన్ అయింది" అనడంలో ఉండదు. రెండు చేతులూ బార్లా చాపితే ఈ కొస నుంచి ఆ కొసకి ఉండేది బార. సూర్యుడు ఆకాశంలో అంత పైకి ఎగబాకాడని. కిటికీలోంచి చేతులు చాపి చూపించండి కూడా.

ఘడియలు, జాములు మాత్రం లెక్కకి వాడకండి. ఘడియంటే 24 నిమిషాలు, జామంటే మూడు గంటలు, రోజుకి ఎనిమిది జాములు, ఇదంతా తెలిసి ఉండటం మంచిదే. కానీ క్యాబ్ డ్రైవరుకి "అర ఘడియలో కిందకొస్తా తమ్ముడూ" అని చెప్తే రైడ్ క్యాన్సిల్ చేసుకుని పోతాడు. "ఘడియ తీరిక లేదు" అనండి చాలు, అందులో లెక్క లేదు, విసుగుంది.

కార్తెలు కూడా నాకిష్టం. మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె మొదలై రెండు వారాలుంటుంది, అప్పుడు "రోళ్ళు పగిలే ఎండ" అంటే అతిశయోక్తిలా ఉండదు, బయటికెళ్ళి చూసినవాళ్ళెవరూ కాదనరు. జూన్ 8 ప్రాంతంలో మృగశిర వస్తుంది, తెలంగాణలో మిరుగం అంటారు.

నాలుగోది: చేతులతో కొలవండి

మూర మల్లెపూలు ఎంతమ్మా అని ఇప్పటికీ అడుగుతున్నాం. మోచేతి నుంచి వేలికొస దాకా మూర, అందులో సగం జాన, నాలుగు వేళ్ళ వెడల్పు బెత్తెడు. పూలమ్మి చెయ్యి పొట్టిదైతే మనకి నష్టం, అది వేరే సంగతి. గిద్ద, సోల, తవ్వ, మానిక మాత్రం చాలా ఇళ్ళలో అటకెక్కాయి. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అని మా అమ్మమ్మ నేర్పింది. మీ ఇంట్లో ఇత్తడి సోల ఉంటే బియ్యం డబ్బాలో వేసెయ్యండి. మాట దానంతటదే నోట్లోకి వస్తుంది, వస్తువు ముందు, మాట తర్వాత.

అసలు నిధి "ఎడు" దగ్గరుంది. చిటికెడు ఉప్పు, పిడికెడు అటుకులు, గుక్కెడు నీళ్ళు, చేటెడు బియ్యం, గంపెడు ఆశ, ఇంటెడు చాకిరీ, బండెడు పుస్తకాలు. ఏ పాత్రకైనా, ఏ చోటుకైనా ఇది తగిలిస్తే అది నిండా అని. కొత్త వస్తువులకీ అతుకుతుంది: చెంచాడు నెయ్యి, గ్లాసుడు మజ్జిగ, లారీడు ఇసుక. నేను "కారెడు చుట్టాలు దిగారు" అంటుంటాను, ఎవరూ అర్థం అడగలేదు. "ఆటోడు జనం" అని మాత్రం ఒకసారి అని ఊరుకున్నాను, ఆటోవాడి జనం అనుకున్నారు.

డబ్బు మాటలు వాటంతటవే బతికున్నాయి, వాటికి మన సాయం అక్కర్లేదు. 1957లో పైసల లెక్క వచ్చి అణాలు పోయినా, పదహారణాల తెలుగుదనం పోలేదు. పావలా బిళ్ళ 2011 జూన్ 30 నుంచి చెల్లలేదు గానీ పావలా వడ్డీ అంటే ఊళ్ళో ఎవరికైనా తెలుసు, వందకి నెలకి పాతిక పైసలు.

ఐదోది: జాతీయం వాడేముందు దాని వెనక వస్తువుని చూడండి

ఏకు మేకైంది అంటాం. ఏకంటే ఏమిటి? రాట్నం మీద నూలు వడకడానికి సిద్ధం చేసిన మెత్తటి దూది చుట్ట. అది కాస్తా మేకై గుచ్చుకుంది. ఇది తెలిశాక, నిన్న మొన్నటిదాకా మెత్తగా ఉండి ఇవాళ మన నెత్తికెక్కినవాడి గురించే ఆ మాట వాడతారు, ప్రతి గట్టివాడికీ వాడరు. నల్లేరు మీద బండి నడక కూడా అంతే. నల్లేరు కణుపులు కణుపులుగా ఉండే మెత్తటి తీగ, చక్రం కింద ఇట్టే నలిగిపోతుంది, బండికి కుదుపు తెలీదు. కుడితి అంటే బియ్యం కడిగిన నీళ్ళూ గంజీ తవుడూ కలిపి గొడ్లకి పెట్టేది. అందులో పడ్డ ఎలుకని మీరు చూసి ఉండకపోవచ్చు, కానీ ఊహించుకోండి, పైకి రాలేదు, మునగలేదు, పక్కనే తిండి. ఈఎంఐలు కట్టుకునేవాళ్ళకి ఇంతకన్నా మంచి పోలిక నాకు దొరకలేదు.

వస్తువు తెలిసినా సరిపోదు, ఆ మాటకి ఇంకో అర్థం ఉందేమో కూడా చూసుకోవాలి. నా చీవాట్ల కథ ఇదే. మీటింగులో కొత్త ప్రాజెక్టు ఎంతవరకొచ్చిందని మేనేజరుగారు అడిగితే, నేను హుషారుగా "ఎసరు పెట్టేశాం సార్, బియ్యం పోయడమే తరువాయి" అందామనుకుని మొదటి ముక్క అన్నాను. "ప్రాజెక్టుకి ఎసరు పెట్టేశాం సార్." ఆయన మొహం మాడిపోయింది. ఎవరి ఉద్యోగానికో ఎసరు పెట్టడం అంటే దానికి చేటు తేవడం కదా. పక్కనున్నవాళ్ళు కిసుక్కుమన్నారు. నేను అన్నం వండే పద్ధతి అంతా చెప్పి బయటపడేసరికి పావుగంట పట్టింది, ఆ తర్వాత ఆయన "తెలుగు సరదాలు ఇంటి దగ్గర" అన్నారు. ఆయన్ని తప్పు పట్టను.

ఆరోది: ఎక్కడ ఏరుకోవాలి

పెద్దవాళ్ళ దగ్గరికెళ్ళి "పాత మాటలు చెప్పండి" అని మాత్రం అడక్కండి. "ఏముంటాయి, అన్నీ మామూలు మాటలేగా" అంటారు, నిజమే, వాళ్ళకవి మామూలు మాటలే. పని గురించి అడగండి. నేను మా అమ్మమ్మని, నీ పెళ్ళికి వంటలెలా చేశారు అని అడిగాను. గంటన్నర చెప్పింది. పెరట్లో గాడిపొయ్యి తవ్వడం, గుండిగల్లో పప్పు, విస్తళ్ళు కుట్టడానికి చుట్టుపక్కల ఆడవాళ్ళంతా వసారాలో చేరడం, కొసరి కొసరి వడ్డించడం, అలిగిన వియ్యపురాలిని బతిమాలడం. అడిగి ఫోన్లో రికార్డు పెట్టుకున్నాను. తర్వాత విని రాసుకునేటప్పుడు మాట ఒక్కటే రాయకండి, ఆ మాటున్న వాక్యం మొత్తం రాసుకోండి. "కొసరు" అని రాసుకుంటే రేపటికి చచ్చిపోతుంది, "కొసరి వడ్డిస్తే కాదనలేక తిన్నాడు, రాత్రంతా పొర్లాడు" అని రాసుకుంటే బతికుంటుంది.

అనుమానం వస్తే నిఘంటువు చూడండి. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1852లో అచ్చేయించిన తెలుగు ఇంగ్లీషు నిఘంటువు ఇప్పటికీ పనికొస్తుంది, పండితుల మాటలతో పాటు జనం మాటలూ అందులో కనిపిస్తాయి. తెలుగు చదవడం కష్టమైన అమెరికా పిల్లలకి ఇంగ్లీషు అర్థాలు కూడా అందుతాయి. ఆంధ్రభారతి సైటులో ఒకే చోట చాలా నిఘంటువులు వెతకొచ్చు. సేద్యం మాటలు కావాలంటే భద్రిరాజు కృష్ణమూర్తి గారు జిల్లా జిల్లాకీ ఏరించి కూర్చిన మాండలిక వృత్తిపదకోశం ఉంది, 1962లో వచ్చింది. ఒకే నాగలి ముక్కకి ఊరికో పేరు చూస్తుంటే టైం తెలీదు.

ఏడోది: వాక్యంలో ఎలా దూర్చాలి

వాక్యానికి ఒక్కటే. మిగతా అంతా మీరు రోజూ మాట్లాడే తెలుగే ఉండాలి, ఇంగ్లీషు ముక్కలున్నా పర్వాలేదు. "ఛార్జర్ ఎక్కడో పారేసి నింపాదిగా కూర్చున్నావా" అన్నది చక్కగా ఉంది. అందులోనే ఇంకో మూడు పాత ముక్కలు కూరితే నాటకంలో సంభాషణ అయిపోతుంది. రెండో సంగతి, గొంతు మార్చకండి. ఆ మాట దగ్గరికి రాగానే కాస్త ఆగి, నవ్వి, ఎలా ఉంది అన్నట్టు చూడటం చాలామందికి అలవాటు, అక్కడే చెడుతుంది. ఎదుటివాళ్ళకి అర్థం కాకపోతే మారు మాట చెప్పి ముందుకెళ్ళిపోండి, ఉపన్యాసం వద్దు. అన్నిటికంటే ముఖ్యం, ఎదుటివాళ్ళు "లాస్ట్ ఇయర్" అన్నారని "నిరుడు అనాలి" అని దిద్దకండి. ఒక్కసారి దిద్దితే వాళ్ళు జన్మలో ఆ మాట వాడరు, మీ దగ్గర మాట్లాడటం కూడా తగ్గిస్తారు.

మొదట ఇంట్లో, తర్వాత కూరగాయల బండి దగ్గర, ఆ తర్వాతే ఆఫీసు. బండి దగ్గర చాలా నేర్చుకోవచ్చు, బేరానికి పాత మాటలే పదును. "కొసరు వెయ్యి నాయనా" అంటే ఓ రెండు పచ్చిమిరపకాయలు రాలతాయి.

ఎనిమిదోది: పక్క ఊరి మాట జాగ్రత్త

మా అత్తమ్మ ఫోను పెట్టేసే ముందు "పైలం బిడ్డా" అంటుంది. జాగ్రత్త అన్నా అదే అర్థం, కానీ జాగ్రత్త హెచ్చరికలా ఉంటుంది, పైలం ఒళ్ళు నిమిరినట్టుంటుంది. నిమ్మళం (నెమ్మది), బిరాన (త్వరగా), సోయి (స్పృహ), ఇవన్నీ ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. మొదట్లో ఆవిడ యాసని కూడా కలిపి అనబోతే "నన్ను ఎక్కిరిస్తున్నవా" అంది. అప్పట్నుంచి మాట తీసుకుంటున్నాను, యాస నాదే ఉంచుకుంటున్నాను. శ్రీకాకుళం స్నేహితురాలు "బేగి రా" (త్వరగా రా) అంటే నేను బేగి వెళ్తాను, కానీ ఆమెని అనుకరించను. సినిమాల్లో యాసల్ని నవ్వులాటకి వాడీ వాడీ జనానికి ఒళ్ళు మండి ఉంది.

అన్నీ తెచ్చుకోకండి కూడా. పాత సామెతల సంపుటి ఏది తిరగేసినా కులాల పేర్లు పెట్టి వెక్కిరించేవి, భర్త పోయిన ఆడవాళ్ళని, కుంటి గుడ్డి వాళ్ళని తిట్టేవి బోలెడు. ఎంత లయ ఉన్నా నేను వాటిని ముట్టను. తిట్టాలంటే వేరే సరుకుంది: వాజమ్మ, బడుద్ధాయి, గడుగ్గాయి, నీ ఇల్లు బంగారం గానూ. ఈ చివరిది తిట్టో దీవెనో ఇప్పటికీ తేలదు, అందుకే నాకు ముద్దు.

పిల్లలున్న ఇంట్లో

పిల్లలకి నేర్పాలని కూర్చోబెట్టకండి, వాళ్ళ ముందు వాడండి చాలు. మా అమ్మాయి రెండో తరగతి. మొన్నామధ్య వంటింట్లోకొచ్చి "చారెడు పెద్దదా, దోసెడు పెద్దదా" అని అడిగింది. ఒక్క చెయ్యి గుంట చేస్తే చారెడు, రెండూ కలిపితే దోసెడు అని చెప్పాను. నమ్మలేదు. బియ్యం డబ్బా మూత తీయించింది. ఇద్దరం చేతులు ముంచి కొలిచాం, దాని దోసెడు నా చారెడుకి మూడు గింజలు ఎక్కువొచ్చిందంతే. "అయితే నీ చారెడూ నా దోసెడూ సేమ్" అని ఎగిరింది. ఆ పూట కొలతలన్నీ దాని చేతులతోనే, తొమ్మిది దోసిళ్ళు పోసింది, వద్దన్నా పదోది పోసింది. ముగ్గురికి ఎక్కడ చెల్లుతుంది, మర్నాడు పొద్దున్న అందరికీ చద్దన్నమే.